చెట్టుకు కట్టిన ఉయ్యాల, నెత్తిన ఉరిమే మబ్బు

ఈ మధ్య మన పిల్లల్లో ఒక కొత్త సరదా బయలుదేరింది. రెండు సెలవులు కలిసివస్తే చాలు, వీపున సంచులు తగిలించుకుని కొండలెక్కడం, రాత్రికి అక్కడే ఉండిపోవడం. బరంపురం వాళ్లు దారింగ్‌బాడికి, పర్లాకిమిడి వాళ్లు మహేంద్రగిరికి, కొరాపుట్ వైపు వాళ్లు దేవమాలికి వెళ్తున్నారు. పూర్వం ఇలాంటి యాత్రలకు గుడారాలు మోసుకెళ్లేవారు. ఇప్పటి పిల్లలకు గుడారం కూడా బరువే. రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల ఒకటి బజారులోకి వచ్చింది. ఇంగ్లీషులో దాన్ని హ్యామాక్ అంటారు. మడిస్తే కొబ్బరికాయంత, విప్పితే ఆరడుగుల మనిషి హాయిగా కాళ్లు చాపుకోవచ్చు. చెట్లకు చుట్టడానికి రెండు పట్టీలు, రెండు కొక్కేలు, వాన పడితే పైన కట్టుకోవడానికి ఒక పట్టా. నేల చెమ్మ తగలదు, తేలు కుడుతుందన్న భయం లేదు.

బాగానే ఉంది. నాకున్న అభ్యంతరం ఉయ్యాల మీద కాదు, దాన్ని కట్టే నెల మీద. పరీక్షలు ఏప్రిల్లో అయిపోతాయి, సెలవులు మే నెలలో వస్తాయి, పిల్లలు కొండలెక్కేది అప్పుడే. ఒడిశాలోనూ ఉత్తర కోస్తాలోనూ మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, సాయంత్రమయ్యేసరికి ఒక్కసారిగా గాలి లేచి, ఉరుములతో మెరుపులతో విరుచుకుపడే కాలం కూడా సరిగ్గా అదే. ఇక్కడి వాళ్లు దాన్ని కాలవైశాఖి అంటారు. ఆ గాలివాన గంటసేపు ఉంటే ఎక్కువ. కాని ఆ గంటలో రెండు చెట్ల మధ్య వేలాడుతున్న మనిషి పరిస్థితి ఏమిటి?

నిజానికి చెట్టుకు ఉయ్యాల కట్టడం మనకు కొత్తదేమీ కాదు. పొలం పనికి వెళ్లిన తల్లి గట్టు మీద వేపచెట్టుకో మామిడిచెట్టుకో పాత చీర కట్టి, పసిబిడ్డను అందులో పడుకోబెట్టి నాట్లు వేసుకుంటుంది. మామిడి తోటల్లో కాపలావాళ్లు పాత వలనో గోనెపట్టానో రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకుంటారు. వాన వస్తే చేలో ఉన్న వాళ్లంతా పరుగెత్తుకొచ్చేది కూడా ఆ చెట్టు కిందికే. అందుచేత ఈ వ్యాసం కొండలెక్కే కుర్రకారుకు మాత్రమే అనుకోకండి. మన సభ్యుల్లో ఊళ్లలో భూములూ తోటలూ ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారి దగ్గర పనిచేసే వాళ్లకు కూడా ఈ మాటలు చెప్పవలసినవే. అసలు పిడుగుపాటుకు మన దేశంలో ఎక్కువగా పోతున్నది వాళ్లే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో పిడుగు పడి దేశంలో 2,887 మంది చనిపోయారు. భాగిస్తే రోజుకు దాదాపు ఎనిమిది మంది. తుపాను వస్తే పేపర్లో మొదటి పేజీ నిండిపోతుంది. రోజుకు ఎనిమిది మంది ఎనిమిది ఊళ్లలో పోతే లోపలి పేజీల్లో నాలుగు వరసల వార్త. 2018 ఏప్రిల్ నెలలో ఒకరోజు ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని ఆ రాష్ట్ర విపత్తుల సంస్థ ప్రకటించింది. 2023 సెప్టెంబరు 2న మన ఒడిశాలో రెండు గంటల్లోనే అరవై ఒక్క వేలకు పైగా మెరుపులు మెరిశాయి, పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వం 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించడానికి కారణం ఇలాంటి లెక్కలే.

నేను చదివింది బి.కాం. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా నెలాఖరుకు వచ్చే బిల్లు. అయినా ఈ విషయంలో తల దూర్చవలసి వచ్చిందంటే కారణం మా తమ్ముడి కూతురు. భువనేశ్వర్‌లో ఇంజనీరింగు చదువుతోంది. స్నేహితురాళ్లతో కలిసి మే నెలలో దేవమాలి ప్రయాణం పెట్టుకుని, ఉయ్యాల కూడా కొనుక్కుంది. గాలివానల కాలం కదమ్మా అన్నాను.

"పెదనాన్నా, మేం నేల మీద కాలే పెట్టం కదా. గాల్లో ఉంటాం. తీగ మీద పిట్టకు షాకు కొడుతుందా?" అంది.

ప్రశ్న బాగుంది. జవాబు నా దగ్గర లేదు. తెలిసినవాళ్లను అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ నాకు అర్థమైన భాషలో రాస్తున్నాను.

మబ్బు అడుగున ఋణ విద్యుత్తు పేరుకుంటుంది. దానికి ఎదురుగా నేల మీద ధన విద్యుత్తు పోగవుతుంది. మబ్బులోంచి ఒక విద్యుత్ ధార మెట్లు దిగినట్లు, ఒక్కొక్క మెట్టు యాభై మీటర్ల చొప్పున, అటూ ఇటూ చీలుతూ కిందికి దిగుతుంది. అది నేలకు దగ్గర పడేసరికి నేల మీద ఎత్తుగా ఉన్న వాటి కొసల నుంచి, అంటే చెట్టు నుంచీ స్తంభం నుంచీ బయలులో నిలబడ్డ మనిషి నుంచీ కూడా, చిన్న చిన్న ధారలు పైకి లేస్తాయి. పైనుంచి వచ్చేదీ కిందనుంచి లేచేదీ ఎక్కడ కలుసుకుంటే అక్కడ దారి పూర్తవుతుంది. ఆ దారి వెంట ముప్పై వేల ఆంపియర్ల కరెంటు రెప్పపాటులో ప్రవహిస్తుంది. మన ఇళ్లలో ఫ్యానుకు కావలసింది ఒక ఆంపియరు కూడా కాదు. ఆ దారిలో గాలి ముప్పై వేల డిగ్రీల దాకా వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము.

ఇప్పుడు ఉయ్యాల సంగతి. తీగ మీద పిట్టకు షాకు కొట్టదన్నది నిజమే, ఎందుకంటే దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి, ఇంకెక్కడికీ పోయే దారి లేదు. కాని పిడుగు మూడు నాలుగు కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చింది. దానికి చెట్టు మొదలుకూ ఉయ్యాలలో మనిషికీ మధ్య ఉన్న బారెడు గాలి ఒక అడ్డా? పిడుగు ఎత్తైన చెట్టు మీద పడుతుంది. చెట్టు మాను కరెంటుకు అంత మంచి దారి కాదు. లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై బెరడు పగిలిపోతుంది, పెచ్చులు బాణాల్లా లేస్తాయి. మనిషి ఒళ్లు ఉప్పునీళ్ల సంచి వంటిది, మాను కంటే మంచి దారి. అందుచేత మానులో దిగుతున్న కరెంటు పక్కకు దూకి మనిషిని అందుకుంటుంది. దీన్ని పక్కదూకుడు అనుకుందాం. చెట్టు కింద నిలబడ్డ వాళ్లు పోయేది ఎక్కువగా ఇలాగే. ఉయ్యాలలో ఉన్నవాడికి ఒక చెట్టు తలవైపు, ఒక చెట్టు కాళ్లవైపు. ప్రమాదం రెండింతలైందే గాని తగ్గలేదు. పైగా వానకు తడిసిన తాడు ఎండుతాడులా ఉండదు, కరెంటును కొంతైనా మోస్తుంది. పైన కట్టిన పట్టా వాననీళ్లను ఆపుతుంది, అంతకుమించి దేన్నీ ఆపదు.

2021 మార్చిలో గురుగ్రామ్‌లో జరిగిన సంగతి చాలామంది టీవీలో చూసే ఉంటారు. వాన పడుతోందని నలుగురు తోటపనివాళ్లు ఒక చెట్టు కింద నిలబడ్డారు. చెట్టు మీద పిడుగు పడింది. నలుగురూ నిలువునా కూలిపోయారు, ఒకరు చనిపోయారు. పక్కన ఉన్న కెమెరాలో అదంతా రికార్డయింది. వాళ్లు చెట్టును పట్టుకోలేదు, ఊరికే కింద నిలబడ్డారు.

పిడుగు నెత్తిన పడడమే పిడుగుపాటు అనుకుంటాం. అలా నేరుగా పడి పోయేవాళ్లు బహు తక్కువ. పిడుగు గాయాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికా డాక్టరు మేరీ ఆన్ కూపర్, వాతావరణ శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ హోల్ వేసిన అంచనాలో ఇది నూటికి మూడు నుంచి అయిదు మాత్రమే. సుమారు మూడోవంతు పక్కదూకుడు. సగానికి సగం మాత్రం నేలలో పాకే కరెంటు. పిడుగు పడ్డ చోటు నుంచి, చెరువులో రాయి వేస్తే అలలు పాకినట్లు, కరెంటు నేలలో నలువైపులా పాకుతుంది. దగ్గర కాలికీ దూరం కాలికీ మధ్య వోల్టేజీలో తేడా ఉంటుంది, ఆ తేడా ఒక కాలి నుంచి ఎక్కించి రెండో కాలి నుంచి దించుతుంది. పశువులకు ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, గుండె ఆ దారిలోనే ఉంటుంది. అందుకే మనుషుల కంటే అవి ఎక్కువగా పోతాయి. 2016 ఆగస్టులో నార్వే దేశంలో ఒక పీఠభూమి మీద గుంపుగా నిలబడ్డ 323 రెయిన్‌డీర్లు ఒకేచోట చచ్చి పడి ఉన్నాయి. మన పల్లెల్లో చెట్టు కింద ఆవులూ గొర్రెలూ ఒకేసారి పోవడం వెనుక ఉన్నదీ ఇదే.

అయితే ఉయ్యాలలో ఉన్నవాడికి ఈ నేల కరెంటు బాధ లేదు గదా అని మా అమ్మాయి మళ్లీ అంది. ఉయ్యాలలో ఉన్నంతసేపూ లేదు. ఉరుములకు భయపడి చెట్టు మొదట్లో, వేళ్ల మధ్య కాలు దించిన క్షణం నుంచీ ఉంది. పైగా కాలవైశాఖిలో పిడుగు ఒక్కటే కాదు, గాలికి ఎండుకొమ్మలు విరిగిపడతాయి. చచ్చిన చెట్టుకు కట్టిన ఉయ్యాల చెట్టుతో సహా వచ్చిపడుతుంది.

ఇక కొండ శిఖరం సంగతి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది దేవమాలి, 1,672 మీటర్లు. పైన చాలాభాగం గడ్డి నేల, చెట్లు తక్కువ. ఉన్న ఒకటి రెండు చెట్లకు ఉయ్యాల కడితే ఫోటో అద్భుతంగా వస్తుంది. ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా నిలబడ్డ చెట్టు కూడా అదే. పోలండులో గీవోంట్ అని ఒక కొండ ఉంది. పైన పెద్ద ఇనుప శిలువ, ఎక్కడానికి ఇనుప గొలుసులు. 2019 ఆగస్టు 22న ఉన్నట్టుండి వచ్చిన గాలివానలో దాని మీదా చుట్టుపక్కలా పిడుగులు పడి ఆ దేశంలో నలుగురు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. అంతదూరం ఎందుకు, 2021 జులై 11న జైపూర్ దగ్గర అమేర్‌లో కొండ మీది బురుజెక్కి వానలో సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్న వాళ్ల మీద పిడుగు పడి పదకొండు మంది పోయారు. మన కొండ ఊళ్లలో యాత్రికులు ఎక్కి చూసే మంచెలూ గోపురాలూ కూడా ఇలాంటివే. వాన వస్తోందని వాటి కిందికి చేరడం ఎంతమాత్రం పనికిరాదు.

మరి ఎక్కడికి చేరాలి? ఆరుబయట క్షేమమైన చోటు అంటూ లేదు. ఇది మింగుడుపడని మాటే, కాని నిపుణులందరూ ఒప్పుకున్న మాట. క్షేమమైనవి రెండే. నాలుగు గోడలూ కరెంటు వైరింగూ నీళ్ల గొట్టాలూ ఉన్న పక్కా ఇల్లు ఒకటి, ఇనుప కప్పు ఉన్న కారో బస్సో జీపో రెండోది. పక్కా ఇంట్లో వైర్లూ గొట్టాలూ కరెంటును నేలలోకి దించేస్తాయి. అందుచేతనే ఉరుముతున్నప్పుడు కుళాయి దగ్గర స్నానాలూ, ప్లగ్గుకు తగిలించిన ఫోనులో మాటలూ కూడదు. పూరిపాక, రేకుల షెడ్డు, బస్సు కోసం నిలబడే చావడి పక్కా ఇంటి లెక్కలోకి రావు. కారులో క్షేమంగా ఉండేది రబ్బరు చక్రాల వల్ల కాదు. చుట్టూ ఉన్న ఇనుప ఒళ్లు కరెంటును తన మీదుగా నేలకు పంపేస్తుంది. అద్దాలు మాత్రం ఎక్కించి ఉండాలి. అమెరికాలో రాయ్ సల్లివన్ అని అడవిశాఖ ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. 1942 నుంచి 1977 లోపల ఏడుసార్లు పిడుగుపాటుకు గురై, ఏడుసార్లూ బతికి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. 1969లో అతను ట్రక్కులో ఉండగా పిడుగు చెట్ల మీది నుంచి తెరిచి ఉన్న కిటికీలోంచి లోపలికి దూకింది. మోటారుసైకిలు, ఆటో, టాపు లేని జీపు ఆరుబయటతో సమానం.

కాబట్టి ఉయ్యాల కట్టే ముందు చెట్టును కాదు చూడవలసింది. ఆ చోటి నుంచి పక్కా ఇల్లు గాని కారు గాని ఎన్ని నిమిషాల దూరంలో ఉందో చూడాలి. పదిహేను నిమిషాల్లో చేరలేనంత దూరమైతే గాలివానల కాలంలో అక్కడ రాత్రి ఉండకూడదని నా అభిప్రాయం. జీపు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసి ఉండాలి. అందరూ నిద్రపోతుండగా డ్రైవరు తాళం తీసుకుని ఊళ్లోకి టీకి వెళ్తే ఆ జీపు ఉండీ లేనట్టే.

ఉరుము వినిపిస్తే చాలు, దిగి బయలుదేరాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య క్షణాలు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో వస్తుంది. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపించిందంటే పది కిలోమీటర్ల లోపలే ఉంది, అంటే తర్వాతది మన మీదే పడవచ్చు. వానే లేదు కదా అనుకోవడానికి లేదు, మబ్బుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎండ కాస్తున్న చోట కూడా పిడుగు పడుతుంది. ఆఖరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చాలామంది పోయేది వాన తగ్గింది కదా అని తొందరపడి బయటికొచ్చినప్పుడే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారు చేసిన దామిని అనే యాప్ సెల్‌ఫోనులో పెట్టుకుంటే, మనం ఉన్న చోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల లోపల మెరుపులు ఉంటే చూపిస్తుంది. పిల్లలందరూ పెట్టుకోవలసిందే. కాని కొండల్లో సిగ్నలు ఉండదు. అక్కడ పనికొచ్చేవి మన చెవులే.

చిక్కంతా నిద్రలో ఉన్నప్పుడు. అర్ధరాత్రి ఉరుములకు మెలకువ వచ్చేసరికి వాన మీద పడి ఉంటుంది. చీకట్లో, జారే రాళ్ల మీద కిలోమీటరు నడవాలి. అందుచేత నిర్ణయం సాయంత్రమే తీసుకోవాలి. నాలుగైదు గంటలకు మబ్బు గోపురంలా పైకి పెరిగి, పైన కమ్మరి దాగలిలా పరుచుకుంటే ఆ రాత్రికి ఉయ్యాల సంచిలోనే ఉండాలి. అన్నిటికంటే తేలికైన ఉపాయం ఒకటుంది. మన తూర్పు కనుమల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉరుములు చాలా అరుదు. చలి కాస్త కరుస్తుంది, అంతే. దారింగ్‌బాడి అందం చూడాలన్నా ఆ నెలలే. మా అమ్మాయి కూడా ప్రయాణం డిసెంబరుకు మార్చుకుంది. నా మాట విని కాదు, తోడు వస్తామన్న వాళ్లు మే నెల ఎండకు భయపడి మానుకున్నారు.

ఏ దారీ లేక అడవిలో చిక్కుకుపోతే? శిఖరం దిగిపోవాలి. ఒంటరి చెట్టుకూ ఎత్తైన చెట్టుకూ నీటికీ దూరంగా, పొట్టి చెట్లు సమంగా ఉన్న పల్లంలోకి వెళ్లాలి. గుంపుగా కాక ఒకరికొకరు దూరంగా ఉండాలి, పిడుగు పడితే సాయం చేయడానికి ఎవరో ఒకరు మిగలాలి గదా. నేల మీద పడుకోకూడదు. కాళ్లు దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చోమని మా చిన్నప్పటి పుస్తకాల్లో ఉండేది. దానివల్ల చెప్పుకోదగ్గ రక్షణ లేదని అమెరికా వాతావరణ శాఖ 2008లోనే ఆ సలహా ఇవ్వడం మానుకుంది. కూర్చునే సమయం ఉంటే ఆ సమయంలో నడవమంటున్నారు.

ఉరిమినప్పుడు అర్జునా, ఫల్గుణా అనుకోమని మా నాయనమ్మ చెప్పేది. ఇప్పటికీ నా నోట ఆ పేర్లే వస్తాయి. ఇంట్లో కూర్చుని అనుకుంటే ధైర్యం, చెట్టు కింద నిలబడి అనుకుంటే ఆ చెట్టు చెట్టే. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమా అని మన పెద్దలే వెక్కిరించారు. సెల్‌ఫోను పిడుగును లాగుతుందన్నది వట్టిమాట. పడ్డచోట మళ్లీ పడదన్నదీ వట్టిమాటే, న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఏటా ఇరవైసార్లకు పైగా పడుతుంది. పిడుగులను ఆపడానికి 19 లక్షల తాటిచెట్లు నాటాలని ఒడిశా ప్రభుత్వం 2024లో తలపెట్టింది. తాడి ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిడుగును తన మీదికి తీసుకుంటుంది, నిజమే. అయితే ఆ తాడి కింద మనిషి ఉండకూడదన్నది జనానికి గట్టిగా చెప్పకపోతే నాటినవి ఎదిగాక కొత్త చిక్కు వస్తుంది. తాటిచెట్లు ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో కల్లు గీసేవాళ్లను అడిగితే చెబుతారు.

కొన్నేళ్ల కిందట నేను గజపతి జిల్లాలో ఒక పల్లె శాఖలో మేనేజరుగా ఉండేవాణ్ణి. ఒకరోజు ముప్పై ఏళ్ల మనిషి, చంకలో బిడ్డతో, భర్త పాసుపుస్తకం పట్టుకుని వచ్చింది. అతను మామిడి తోట కాపలాదారు. రెండు చెట్ల మధ్య పాత వల కట్టుకుని పడుకునేవాడు. పిడుగు ఒక చెట్టు మీద పడింది. ఇతని ఒంటి మీద పెద్ద గాయం కూడా లేదట. ఊళ్లో వాళ్లు మోసుకొచ్చి, మెడ దాకా పేడలో పూడ్చారు.

"మూడు గంటలు పేడలోనే ఉంచినాం బాబూ, లెగనేదు," అంది.

పేడ పిడుగు వేడిని లాగేస్తుందన్న నమ్మకం మన ప్రాంతపు పల్లెల్లో ఇంకా ఉంది. పిడుగు తగిలిన మనిషి చనిపోయేది కాలిన గాయాల వల్ల కంటే గుండె ఆగి. చాలాసార్లు గుండె తనంతట తానే మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఊపిరి మాత్రం అందుకోదు. ఆ కాసేపు మనం ఊపిరి అందించగలిగితే మనిషి దక్కవచ్చు. ఆ కాసేపూ పేడలో గడిచిపోయింది.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకు షాకు కొట్టదు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ముందు అతన్ని చెట్టు దగ్గరి నుంచి జరపాలి, ఎవరితోనైనా 108కి ఫోను చేయించాలి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడిమధ్య రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండంగుళాలు లోపలికి దిగేటట్లు, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవైసార్లు నొక్కాలి. ముప్పైసార్లు నొక్కాక రెండుసార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. నలుగురైదుగురు పడిపోతే మామూలు ప్రమాదాల్లో కొనఊపిరి ఉన్నవాళ్లను ముందు చూస్తారు. పిడుగు విషయంలో అది తిరగబడుతుంది. మూలుగుతున్నవాళ్లు సాధారణంగా బతుకుతారు, చనిపోయినట్లు పడి ఉన్నవాళ్ల దగ్గరికే ముందు పరుగెత్తాలి. కొండలకు వెళ్లే ప్రతి గుంపులో కనీసం ఇద్దరికి ఈ పద్ధతి చేతనై ఉండాలి. మన సంఘం హాలులో ఒక ఆదివారం డాక్టరుగారెవరినైనా పిలిపించి నేర్పించమని కార్యవర్గానికి నా మనవి.

ఆ మనిషి పాసుపుస్తకంలో ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ఏటా సొమ్ము కట్ అయిన ఎంట్రీలు ఉన్నాయి. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు వచ్చే పథకమది. ప్రకృతి వైపరీత్యాల వల్ల పోయినా వర్తిస్తుంది. కాని శవానికి పోస్టుమార్టం జరగలేదు, పోలీసులకు చెప్పలేదు, ఆ సాయంత్రమే దహనం చేసేశారు. ఇన్సూరెన్సు వాళ్లు కాగితాలు తిప్పి పంపారు. నేను రెండుసార్లు రాశాను, లాభం లేకపోయింది. పిడుగుపాటుకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే నాలుగు లక్షలు మాత్రం, తహసీల్దారు విచారణ, ఊరివాళ్ల సాక్ష్యాలు అయ్యాక, చాలా నెలలకు చేతికొచ్చాయి.

దుఃఖంలో ఉన్నవాళ్లకు కాగితాల మాట చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా పక్కన ఉన్నవాళ్లు ఎవరో ఒకరు చెప్పాలి. పోలీసు స్టేషనుకూ తహసీల్దారు ఆఫీసుకూ అదేరోజు కబురు పెట్టాలి, పోస్టుమార్టం చేయించాలి, ఆ రిపోర్టు నకలు దాచుకోవాలి. సురక్షా బీమా పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల లోపు వాళ్లకు, ఏడాదికి ఇరవై రూపాయలు. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక సంవత్సరం. సొమ్ము బ్యాంకువాళ్లే ఖాతాలోంచి తీసుకుంటారు, తీసుకునేవేళకు ఖాతాలో ఇరవై రూపాయలు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. మీ తోటలో కాపలా ఉన్న మనిషికి, మీ పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లకు ఈ ఏడు ఆ ఎంట్రీ పడిందో లేదో, ఈసారి ఊరు వెళ్లినప్పుడు వాళ్ల పాసుపుస్తకాలు తెప్పించి చూడండి.